మొద్దుబారిన చోట

కిందటి భాగం చివర నడకమ్మ తన గది గుమ్మంలో నిలబడ్డ కొత్త రోగిని చూసి, చేతిలో తువ్వాలు మడతపెట్టడం ఆపేసింది.

ఆ పేరు ఆమెకు రోగులు పెట్టింది. కాళ్ళు విరిగినవాళ్ళకూ పక్షవాతం వచ్చినవాళ్ళకూ మళ్ళీ నడక నేర్పడం ఆసుపత్రిలో ఆమె ఉద్యోగం. ఆమె భర్త లిఫ్టులు బాగుచేసేవాడు. వేసవి మొదట్లో ఒక కొత్త భవనంలో, లిఫ్టు అడుగున ఉండే గోతిలో దిగి పనిచేస్తుండగా, పైనున్న లిఫ్టు కిందికి వచ్చి అతని మీద పడింది. కరెంటు ఆపకుండా దిగాడు, తప్పు అతనిదేనని కంపెనీ తేల్చేసింది. ఆ కంపెనీలో సూపర్‌వైజరు నడకమ్మ సొంత అన్నయ్యే. బావను ఆ పనిలో పెట్టించినవాడూ అతనే, శవాన్ని ఇంటికి తెచ్చినవాడూ అతనే. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పైచిలుకు ఇల్లు కదలకుండా పాటించే ఇద్దత్ గడువు ముగిశాక నడకమ్మ మళ్ళీ పనిలోకి వచ్చింది. ఇప్పటిదాకా ఆమె కంట నీటిచుక్క ఎవరూ చూడలేదు.

“ఎంత సబర్ తల్లీ! అల్లా ఈ పిల్లకు కొండంత ఓర్పు ఇచ్చాడు” అని చుట్టుపక్కల ఆడవాళ్ళు అనుకునేవారు. నడకమ్మ ఆ మాటకు తల వంచుకునేది. అది సిగ్గు అనుకున్నారు వాళ్ళు. తనలో ఓర్చుకోవడానికి ఏమీ లేదని ఆమెకు తెలుసు. పొయ్యి మీది గిన్నె ఉత్త చేతులతో దించి, బొబ్బ లేచాక చూసుకున్న రోజులున్నాయి. అయిదు పూటలా నమాజు తప్పలేదు. నోరు చదివేది, నడుము వంగేది, నుదురు నేలకు ఆనేది. మనిషి మాత్రం అక్కడ ఉండేది కాదు.

గుమ్మంలో నిలబడినవాడు ఆమె భర్త తోటి మెకానిక్కు. ఇద్దరూ ఎప్పుడూ కలిసి పనికి వెళ్ళేవారు కాబట్టి కంపెనీలో ఇద్దర్నీ కలిపి జోడీ అనేవారు. ఒకడు పోయాక ఆ పేరు మిగిలినవాడికి అతుక్కుపోయింది. శవాన్ని సాగనంపిన జనాజా రోజు తర్వాత జోడీ ఆమె కంటబడలేదు.

“లోపలికి రా” అంది నడకమ్మ.

జోడీ రాలేదు. లోపల నడక నేర్పే కడ్డీల మధ్య, అందరూ తాతగారు అని పిలిచే ముసలి రోగి అడుగులో అడుగు వేస్తున్నారు. మోకాలి చిప్ప మార్పించుకున్న మనిషి. నోరు మాత్రం అసలుదే.

“రావయ్యా బాబూ, భయపడకు” అన్నారాయన జోడీతో. “ఈ నడకమ్మ నిన్ను చక్కగా నడిపించి మీ ఇంటికి పంపించేస్తుంది. అదే నా భయం కూడా. ఇంటికి వెళ్తే మా కోడలి వంట తినాలి. అందుకే ఈ కాలు బాగుపడకుండా చూసుకుంటున్నాను.”

నడకమ్మ నవ్వింది. ఎక్కడ నవ్వాలో ఆమెకు బాగా తెలుసు. తాతగారిని ఆయాకు అప్పగించి, తలుపు చేరవేసి, జోడీని మంచం మీద పడుకోమంది. డాక్టరు పొద్దునే ఫోన్ చేసి చెప్పాడు. ఎక్స్‌రేలో ఏమీ లేదు, నరాల పరీక్షలో ఏమీ లేదు, కుడి చెయ్యి మాత్రం లేవడం లేదు, నువ్వే చూడు అని. రోగి ఎవరో ఆయన చెప్పలేదు.

“ఎప్పటినుంచి?”

“వేసవి నుంచి వదినా.”

“పని?”

“మానేశాను. ఒంటి చేత్తో ఏం చేస్తాను?”

ఆమె అతని ముంజేతిని పట్టుకుని మెల్లగా పైకెత్తింది. భుజం ఎక్కడా పట్టేయలేదు. చెయ్యి నూనె రాసిన తలుపులా చెవిదాకా లేచింది. వదిలేస్తే తడిబట్టలా మంచం మీద పడింది. గుండుసూది తీసి, వేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి వస్తూ అక్కడక్కడ మొన తగిలించింది.

“తెలుస్తోందా?”

“లేదు.”

“ఇక్కడ?”

“లేదు వదినా.”

“ఇక్కడ?”

“ఆ, ఇక్కడ తెలుస్తోంది.”

సరిగ్గా భుజం కీలుకు పైన, చొక్కా చెయ్యి కుట్టు పడేచోట స్పర్శ మొదలైంది. నరాలు అలా బట్ట కత్తిరించినట్టు ఆగవు. అవి పోయే దారులు వేరు. ఇలాంటి చెయ్యిని నడకమ్మ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి చూసింది. బిడ్డ కాలువలో జారిపోతుండగా పట్టు వదిలేసిన తల్లి చెయ్యి అది. ఒంట్లో జబ్బు లేదు. అలాగని నాటకమూ కాదు. ఆ తల్లికి చెయ్యి నిజంగానే తెలిసేది కాదు.

అలాంటివాళ్ళను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అది ఎవరిని అడుగుతున్నానన్న ఆలోచన లేకుండానే నడకమ్మ అడిగేసింది. అతని మోచెయ్యి మడిచి, ముంజేతిని వెనక్కి వంచి భుజం కీలు చూస్తోంది అప్పుడు.

“ఈ చేత్తో చివరగా చేసిన పనేమిటి?”

జోడీ పైకప్పుకేసి చూస్తున్నాడు. కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

ఆ రోజు అతను పని చేసింది మేడ మీది యంత్రాల గదిలో. ఆమె భర్త కింద గోతిలో. యంత్రాల గదిలో ఉండేది మెయిన్ స్విచ్చి.

“స్విచ్చి వేసింది నువ్వా?”

అతను తల ఊపాడు.

నడకమ్మ చెయ్యి వదల్లేదు. అరికాళ్ళ దగ్గర ఏదో మొదలై మోకాళ్ళ గుండా, పొట్ట గుండా పైకి వచ్చింది. చెవులు వేడెక్కాయి. అది కోపమని పోల్చుకోవడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది, ఏళ్ళ తర్వాత గడపలోకి వచ్చిన చుట్టాన్ని పోల్చుకున్నట్టు. వచ్చిందాన్ని పొమ్మనాలనిపించలేదు. ఇన్నాళ్ళకు ఏదో ఒకటి వచ్చింది. బాగానే ఉంది కూడా.

ఆమె చేతుల్లో అతని భుజం ఇంకాస్త వెనక్కి తిరిగింది. ఎంత తిప్పితే కీలు తప్పుతుందో ఆమెకు తెలుసు. తప్పిన కీళ్ళను సరిచెయ్యడం నేర్చినవాళ్ళకు తప్పించడం ఒకరు నేర్పక్కర్లేదు. ఇంకాస్త తిప్పింది. భుజం ముందువైపు చర్మం కింద ఎముక గుండ్రం ఉబ్బెత్తుగా తేలింది. ఆ స్థితిలో ఎంతటివాడైనా అరుస్తాడు.

జోడీ అరవలేదు. పైకప్పుకేసి అలాగే చూస్తున్నాడు. తన చెయ్యి ఎక్కడ ఉందో, దానికి ఏం జరుగుతోందో అతనికి తెలియడం లేదు.

నడకమ్మ అతని మొహం చూసింది. నొప్పి తెలియనివాణ్ణి విరిచేయడం ఎంత సులువో అప్పుడు అర్థమైంది. తననూ ఇన్నాళ్ళు ఎవరైనా ఇలాగే విరిచి ఉండవచ్చు. తనకూ తెలిసి ఉండేది కాదు.

ఆమె అతని చేతిని మెల్లగా యథాస్థానంలోకి తెచ్చి, దిండు మీద పెట్టి, వెనక్కి నడిచి గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుంది.

కోపంలో ఇలా కూర్చోమనడం అత్తగారు చెప్పే మాట. ఆవిడ ఇంటి ముందుగదిలో వీధి పిల్లలకు అరబీ అక్షరాలు నేర్పుతుంది. పిల్లలు కొట్టుకుంటే ముందు అనేది ఇదే. కోపమొస్తే నిలబడ్డవాడు కూర్చోవాలి, కూర్చున్నా తగ్గకపోతే పడుకోవాలి, షైతాన్ బారి నుంచి అల్లా శరణు అడగాలి, నమాజుకు ముందు చేసినట్టు కాళ్ళూ చేతులూ మొహం కడిగి వుజూ చేసుకోవాలి, ఇది ప్రవక్త మనకు నేర్పిన మందు అని. “మందు చేదుగా ఉందా? లేదుగా! మరి వేసుకోవడానికేం రోగం?” అని కూడా అంటుంది. నడకమ్మ ఆ మాట విని నవ్వుకునేది. ఈ మందు తనకు అవసరమయ్యే రోజు ఒకటి ఉంటుందనుకోలేదు.

“వదినా...” జోడీ లేచి కూర్చున్నాడు. “ఏమైంది?”

“మాట్లాడకు. కాసేపు నాతో ఏమీ మాట్లాడకు.”

నోట్లోనే అల్లా శరణు అడిగింది. కోపం తగ్గలేదు. కూర్చున్నందువల్ల చేతులు మాత్రం అతనికి దూరంగా ఉన్నాయి. ప్రస్తుతానికి అది చాలు.

బయట మసీదు నుంచి సాయంత్రపు అసర్ నమాజుకు పిలిచే అజాన్ వినిపించింది. నడకమ్మ లేచి గది మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్ళింది. చేతులు కడుక్కుంది, నోరు పుక్కిలించింది, ముక్కులోకి నీళ్ళు తీసుకుంది, మొహం కడుక్కుంది. ఇన్ని నెలలుగా రోజూ చేస్తున్న పనే. కుడి ముంజేతి మీద నీళ్ళు మోచేతిదాకా పోసుకున్నప్పుడు చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

నీళ్ళు చల్లగా ఉన్నాయి.

మళ్ళీ చెయ్యి పెట్టింది. చల్లగానే ఉన్నాయి, పళ్ళు జివ్వుమనేంత చల్లగా. తల తడిమి, పాదాలు కడుక్కుని, గది మధ్యనున్న తెర అవతల, నడక కడ్డీల పక్కనున్న ఖాళీ జాగాలో తువ్వాలు పరిచి నిలబడింది.

నమాజులో పెద్ద అద్భుతమేమీ జరగలేదు. నోరు ఎప్పటిలాగే చదివింది. ఒకచోట మరిచిపోయి మళ్ళీ వెనక్కి వెళ్ళింది. సజ్దాలో నుదురు నేలకు ఆనించాక చదవాల్సినవి చదివి, ఆ తర్వాత అడగడానికి తనకు ఏం కావాలో ఆలోచించింది. ఇన్నాళ్ళూ అందరూ నేర్పిన మంచి మంచి దువాలే అడిగింది. అవన్నీ వేరే ఎవరి కోసమో అడిగినట్టు ఉండేవి. ఈసారి తన భాషలో, తన మాటే వచ్చింది.

‘అల్లా, నాకు కోపంగా ఉంది. వాడి చెయ్యి విరవబోయాను. నువ్వు చూశావు. ఇంతకన్నా మంచి మాట నా దగ్గర లేదు.’

అంతే. ఏడుపు రాలేదు. గుండె తేలిక పడలేదు. చివరి సలాం చెబుతూ తల అటూ ఇటూ తిప్పి లేచేసరికి ఒళ్ళంతా ఎప్పటిలాగే మొద్దుగా ఉంది. ఆ మొద్దు మధ్యలో ఒక్కచోట మాత్రం, రొమ్ము ఎముక వెనకాల, చిన్నగా మండుతోంది. స్పర్శ పోయిన కాలికి ప్రాణం తిరిగొచ్చేటప్పుడు మొదట వచ్చేది మంటేనని ఆమె ఎంతమంది రోగులకో చెప్పింది. భయపడొద్దు, అది మంచిదే అని కూడా చెప్పింది.

తెర తొలగించుకుని వచ్చింది. జోడీ వెళ్ళిపోయి ఉంటాడనుకుంది. మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

“ఇప్పుడు చెప్పు. మొదటినుంచి.”

అతను చెప్పాడు. ఒకరు గోతిలో దిగితే స్విచ్చి ఆపి దానికి తాళం వేసి, తాళంచెవి దిగేవాడి జేబులో ఉంచుకోవాలి. ఆ తాళం విరిగిపోయింది. కొత్తది కావాలని ఇద్దరూ అడుగుతూనే ఉన్నారు. ఇవాళా రేపూ అంటూ వచ్చింది కంపెనీ. ఆ రోజు భవనం యజమాని తొందరపెడుతున్నాడు, సాయంత్రం ఎవరో పెద్దవాళ్ళు వస్తారు, లిఫ్టు నడవాలి అని.

“నేను పైన ఉన్నాను వదినా. ఫోన్ వచ్చింది. ‘వాడు బయటికి వచ్చేశాడు, వెయ్యి’ అన్నారు. వేశాను.”

“ఎవరు అన్నారు?”

జోడీ కిటికీకేసి తిరిగాడు.

“ఎవరు అన్నారని అడుగుతున్నాను.”

“సూపర్‌వైజరుగారు.”

నడకమ్మకు వెంటనే అర్థం కాలేదు. సూపర్‌వైజరు అంటే ఒక ఉద్యోగం. ఆ ఉద్యోగంలో ఉన్న మనిషి చిన్నప్పుడు ఆమెను భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్ళినవాడు. అమ్మానాన్నా పోయాక ఆమెకు పుట్టిల్లు అంటే అతనే.

“మీ ఆయన పనిముట్ల సంచి గోతి బయట ఉందట” అన్నాడు జోడీ. “సంచి చూసి మనిషి కూడా వచ్చేశాడనుకున్నారు. తొంగి చూడలేదు. తర్వాత... తర్వాత నన్ను పక్కకు తీసుకెళ్ళి, పోయినవాడు ఎలాగూ పోయాడు, ఇద్దరం ఎందుకు మునగడం అన్నారు.”

“నువ్వు ఊరుకున్నావు.”

“ఊరుకున్నాను.”

వరండాలో తాతగారు ఆయాతో పోట్లాడుతున్నారు, ఇంకో రెండు అడుగులు వెయ్యనని.

“వదినా, నన్ను క్షమిస్తావా?”

“లేదు” అంది నడకమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “ఇప్పుడైతే లేదు. తర్వాత సంగతి నాకు తెలీదు. నమాజు చేసి వచ్చి అబద్ధం చెప్పమంటావా?”

అతను తల దించుకున్నాడు.

“చెయ్యి సంగతి వేరు. సోమవారం రా, మొదలుపెడదాం. నేను చెయ్యను, ఇంకొకామె చేస్తుంది. నేను పక్కన నిలబడి చెప్తాను. నీ చెయ్యి ముట్టుకునే ధైర్యం నాకింకా లేదు.”

జోడీ గుమ్మందాకా వెళ్ళి ఆగాడు. “ఒకటి చెప్పాలి వదినా. నేను మొత్తానికే నోరు మూసుకోలేదు. మట్టి ఇచ్చిన మర్నాడే మీ ఇంటికొచ్చాను. నువ్వు లోపలి గదిలో ఉన్నావు. అమ్మ కాళ్ళ మీద పడి అంతా చెప్పాను.”

“ఏ అమ్మ?”

“మీ అత్తమ్మ.”

*

ఇంటికి వచ్చేసరికి పిల్లలు చెప్పుల కోసం గడప దగ్గర తోసుకుంటున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా నడకమ్మ వీధిలోనే నిలబడింది. అత్తగారు చాప చుడుతూ తలెత్తి కోడలి మొహం చూసింది. చాప చేతిలోంచి జారి మళ్ళీ పరుచుకుంది.

“చెప్పేశాడా?”

“మీకు తెలుసా అత్తమ్మా?”

“తెలుసు.”

“ఇన్నాళ్ళు... ప్రతి శుక్రవారం మా అన్నయ్య వచ్చి ఇక్కడే కూర్చుని తింటున్నాడు. మీరు వడ్డిస్తున్నారు.”

“వడ్డిస్తున్నాను.”

“ఎలా వడ్డించగలిగారు?”

ముసలావిడ చాప మళ్ళీ చుట్టడం మొదలుపెట్టి, సగంలో ఆపేసింది.

“అందరూ నిన్ను చూసి సబర్ సబర్ అంటుంటే నాకు ఒళ్ళు మండేదమ్మా. రాయికి సబర్ ఏమిటి? ప్రవక్త కూడా పసికొడుకు పోతే ఏడ్చారు. ఏడుస్తూనే అల్లా మీద ఫిర్యాదు మాట నోట రానివ్వలేదు. అదీ సబర్ అంటే. నువ్వు ఎప్పుడు ఏడుస్తావా అని చూస్తూ కూర్చున్నాను. నేను మాత్రం రోజూ ఏడ్చాను, నీ కంటబడకుండా. వాడికి అన్నం పెట్టే ప్రతిసారీ ముందు వెళ్ళి వుజూ చేసుకుని వచ్చేదాన్ని. ఒక్కోసారి రెండుసార్లు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నా కొడుకు ఎలాగూ రాడు” అంది అత్తగారు. “నీకు మీవాళ్ళలో మిగిలింది వాడొక్కడే. నా బిడ్డతోబాటు నీ అన్నను కూడా పూడ్చిపెట్టమంటావా? నాకు చేతులు రాలేదు.”

నడకమ్మ గోడ పట్టుకుంది. రొమ్ము ఎముక వెనకాల మంట గొంతుదాకా వచ్చింది. ఏదో శబ్దం వినిపించింది. అది తన నోటినుంచే వస్తోందని కాసేపటికిగానీ తెలియలేదు. ఏడుపంటే ఎలా ఉంటుందో ఆమె మరిచిపోయింది. దగ్గులా ఉంది. అత్తగారు వచ్చి పట్టుకోలేదు, ఓదార్చలేదు. పక్కన నిలబడి, పైట కొంగుతో తన మొహం తాను తుడుచుకుంది.

“తప్పు చేశానేమో తల్లీ” అంది కాసేపటికి. “నిజం దాచడం సబర్ కాదు. అది కూడా నాకు తెలుసు. నీ పేరు చెప్పి నా పిరికితనాన్ని దాచుకున్నానేమో కూడా. వాడిని నిలదీస్తే నా కోపం ఎక్కడ ఆగుతుందో అని భయపడ్డాను.”

నడకమ్మ మొహం తుడుచుకుంది. కోపం పోలేదు. ఇంతకుముందులా చేతుల్లోకి మాత్రం రావడం లేదు. దాన్ని పట్టుకుని నిలబడగలనని తోచింది, ఎంతసేపో తెలియదు.

ఆ రోజూ శుక్రవారమే. వీధిలో బండి ఆగిన చప్పుడయింది. ఆ ఇంజను దగ్గు ఇద్దరికీ తెలుసు. మెట్ల మీద అడుగులు, సంచి గోడకు రాసుకున్న చప్పుడు.

“చెల్లాయ్! తలుపు తియ్యి, చేతులు ఖాళీ లేవు” అని బయటినుంచి అన్నయ్య కేక.

అత్తగారు కోడలికేసి చూసింది. “నన్ను తియ్యమంటావా, నువ్వు తీస్తావా?”

“అన్నయ్యకు ఇవాళ ఎవరు వడ్డిస్తారు అత్తమ్మా?”

“నువ్వు ఎలా అంటే అలా.”

నడకమ్మ తల మీది ముసుగు సర్దుకుని, లోపల్లోపల అల్లా పేరు తలుచుకుని, తలుపు దగ్గరికి వెళ్ళి గడియ మీద చెయ్యి వేసింది. ఇనుము వేళ్ళకు చల్లగా తగిలింది.

“ఒక్క నిమిషం అన్నయ్యా” అంది తలుపు తియ్యకుండానే. “నువ్వు లోపలికి వచ్చే ముందు, అక్కడ నిలబడే నాకో మాట చెప్పు. ఆ రోజు నువ్వు గోతిలోకి తొంగి చూశావా?”

బయట సంచి కింద పడిన చప్పుడయింది.